ఆదివాసుల కథ, నేల, హక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

కథలు, పాటలు, పండుగలు ఒకవైపు, అడవి, నీరు, గనులు మరోవైపు పెట్టి ఆదివాసుల గురించి మాట్లాడటం బయటివాళ్లకు అలవాటు. మొదటివి సాంస్కృతిక శాఖ చూసుకుంటుంది, రెండోవి అటవీ శాఖ చూసుకుంటుంది. ఆదివాసులు తామే నడుపుకునే ఉద్యమాల్లో ఈ విభజన కనిపించదు. తరచుగా వచ్చే ప్రశ్నల్లో సగం ఈ విభజన వల్ల పుట్టినవే కాబట్టి, జవాబుల్లో నేను దాన్ని పాటించలేదు.

ఆదివాసులు స్వయంగా నడిపే ఉద్యమానికీ, వారి కోసం ఇతరులు చేసే పనికీ తేడా ఏమిటి?

నిర్ణయం ఎవరిదన్నదే తేడా. ఏ సమస్యను ముందుకు తేవాలి, ఎవరు మాట్లాడాలి, ఏ కథ బయటికి చెప్పాలి, ఏది చెప్పకూడదు, వచ్చిన డబ్బు ఎలా ఖర్చు చేయాలి, ఎక్కడ రాజీ పడాలి అన్నవి ఆ ప్రజలే తమ పద్ధతిలో కూర్చుని తేల్చుకుంటే అది వారి ఉద్యమం. నివేదిక రాసేది రాజధానిలోని సంస్థ, అట్ట మీద ఫొటో మాత్రం ఊళ్లోని ముసలమ్మది అయితే అది వేరే పని. మంచి పనే కావచ్చు. కానీ దానికి ఈ పేరు పెట్టకూడదు.

నేను చూసేది ఒక్కటే: ఊరివాళ్లు వద్దంటే ఆగుతుందా? ఆగకపోతే, అది గనుల ప్రాజెక్టయినా పులుల సంరక్షణ పథకమైనా పగ్గాలు వారి చేతిలో లేవు.

ఆదివాసులు అంటే ఎవరు? ప్రపంచంలో ఎంతమంది ఉన్నారు?

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 90 దేశాల్లో సుమారు 47.6 కోట్ల మంది. ఇంత వైవిధ్యానికి ఒకే నిర్వచనం కుదరదని సమితి నిర్వచనం ఇవ్వకుండానే వదిలేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో చేసిన 169వ ఒడంబడిక మాత్రం, ఒక జాతి తనను తాను ఆదివాసీ జాతిగా గుర్తించుకోవడాన్ని ముఖ్యమైన కొలమానంగా పెట్టింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 1957 నాటి 107వ ఒడంబడిక దగ్గరే ఆగిపోయింది.

2007 సెప్టెంబర్ 13న ఆదివాసుల హక్కుల ప్రకటన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందుకు వచ్చినప్పుడు 144 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వాటిలో భారత్ ఉంది. అయితే దేశ ప్రజలందరూ మూలవాసులేనన్నది మన ప్రభుత్వం చాలాకాలంగా చేస్తున్న వాదన. వ్యతిరేకించినవి నాలుగే దేశాలు: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత నాలుగూ వైఖరి మార్చుకున్నాయి. కింది జవాబుల్లో ఆ నాలుగు దేశాల పేర్లే ఎందుకు పదేపదే వస్తున్నాయో చదువుతుంటే అర్థమవుతుంది.

భూమి కోసం పోరాడేవాళ్లు కథలు చెప్పడం ఎందుకు? నేరుగా చట్టం గురించి మాట్లాడవచ్చు కదా?

చాలా జాతులకు కథే చట్టం. కెనడా పశ్చిమాన, బ్రిటిష్ కొలంబియాలో నివసించే గిట్సాన్ ప్రజల్లో ప్రతి వంశానికీ ‘అదావుక్’ అనే సొంత చరిత్ర ఉంటుంది. ఆ వంశం ఎక్కడినుంచి వచ్చింది, ఏ నది ఒడ్డున నిలిచింది, ఏ కొండ వరకు దాని వేట సాగుతుంది, సాల్మన్ చేపలు పట్టే ఏ మలుపు దానిది, ఆ హక్కు ఎలా సంక్రమించింది అన్నవన్నీ అందులో ఉంటాయి. దాన్ని పొద్దుపోక చెప్పుకోరు. పెద్ద విందు చేసి, ఇతర వంశాల పెద్దలను సాక్షులుగా పిలిచి, వారందరి ఎదుట చెబుతారు. విన్నవారికి కానుకలు ఇస్తారు. చెప్పినదాంట్లో పొరపాటుంటే, పొరుగువారి సరిహద్దు దాటితే, అక్కడే లేచి అభ్యంతరం చెప్పేవాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటారు. భూమి రిజిస్ట్రేషను నలుగురి ముందు జరిగినట్టన్నమాట.

ఈ సంగతి వలస ప్రభుత్వానికి తెలియదనుకోకండి. ఆ తీర ప్రాంతపు విందులను కెనడా చట్టం 1885 నుంచి 1951 వరకు నేరంగా పరిగణించింది. ముసుగులు, కానుకలు, వస్తువులు జప్తు చేశారు, మనుషులను జైల్లో పెట్టారు. కథలు వట్టి కాలక్షేపమైతే వాటిని ఆపడానికి అరవై ఏళ్లకు పైగా ఒక చట్టం ఎందుకు?

కోర్టులు కథలను నిజంగా సాక్ష్యంగా తీసుకుంటాయా?

తీసుకుంటున్నాయి. కానీ దాని వెనుక చాలా పెనుగులాట ఉంది.

గిట్సాన్, వారి పొరుగు జాతి వెట్సువెటెన్ వంశాల పెద్దలు సుమారు 58,000 చదరపు కిలోమీటర్ల నేల తమదని వేసిన దావా 1987లో విచారణకు వచ్చింది. వాదోపవాదాలు 370 రోజులకు పైగా నడిచాయి. పెద్దలు తమ అదావుక్‌లను న్యాయస్థానంలో వినిపించారు. ఒక వృద్ధురాలు తన వంశపు పాటను పాడబోతే న్యాయమూర్తి అడ్డుచెప్పారు. తనకు సంగీత జ్ఞానం లేదని, పాడినా ప్రయోజనం ఉండదని అన్నారు. ఆమె పాడుతున్నది సంగీతం కోసం కాదు. ఆ పాట ఆ నేల మీది హక్కుకు ఆధారం. 1991లో తీర్పు వారికి వ్యతిరేకంగా వచ్చింది. నోటిమాటగా వచ్చిన చరిత్రకు పెద్దగా విలువ ఇవ్వలేమని ఆయన తేల్చారు.

1997 డిసెంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. మౌఖిక చరిత్రలను రాతపూర్వక పత్రాలతో సమానంగా చూడాలని చెప్పింది. డెల్గముక్ కేసుగా ప్రసిద్ధమైన ఈ తీర్పును చాలామంది సంపూర్ణ విజయంగా చెబుతారు. అది సరికాదు. కోర్టు ఆ భూమిని వారికి ఇవ్వలేదు. మళ్లీ విచారణ జరపాలంది, ఆ విచారణ జరగలేదు. ఫలితం దక్కింది వేరొకరికి: 2014లో ట్సిల్కోటిన్ జాతికి అదే కోర్టు 1,700 చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద హక్కును ప్రకటించింది. కెనడాలో ఒక నిర్దిష్ట ప్రాంతం మీద ఆదివాసీ హక్కును సుప్రీంకోర్టు గుర్తించడం అదే మొదటిసారి.

ఆస్ట్రేలియాలో ఇంకో దారి తొక్కారు. గ్రేట్ శాండీ ఎడారికి చెందిన వృద్ధులు 1997లో ఎనిమిది మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవున్న గుడ్డ మీద తమ నేలను చిత్రించారు. నీటి గుంటలు, ఇసుక తిన్నెలు, పూర్వీకులు నడిచిన దారులు అన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లిషులో వాదించడం వారికి కష్టం. అందుకే భూమి హక్కులు తేల్చే ట్రైబ్యునల్ ముందు ఆ చిత్రాన్ని నేల మీద పరిచి, ఎవరి నీటి గుంట మీద వారు నిలబడి, ఎవరి భాషలో వారు చెప్పారు. ‘న్గురారా’ అనే ఆ చిత్రాన్ని చూపిన పదేళ్లకు, 2007లో, వారి హక్కును గుర్తించారు. పదేళ్లు! గీసినవారిలో కొందరు అప్పటికి లేరు.

నోటిమాట తరతరాలకు మారిపోదా? దాన్ని ఎలా నమ్మాలి?

కొన్ని కథలు మారతాయి. కొన్ని మారకుండా కాపాడే ఏర్పాటు ఉంటుంది. గిట్సాన్ విందులో కూర్చున్న సాక్షులు అటువంటి ఏర్పాటే. పాటలో ఛందస్సు, ఆట, పునరుక్తి కూడా ఆ పనే చేస్తాయి.

ఇండోనేషియాలోని సిమియులూ ద్వీపాన్ని 1907లో పెద్ద సునామీ ముంచెత్తింది. అప్పటినుంచి అక్కడివాళ్లు ‘స్మోంగ్’ అనే పేరుతో ఆ జ్ఞాపకాన్ని కథగా, పాటగా పిల్లలకు నేర్పుతూ వచ్చారు. నేల గట్టిగా కంపించాక సముద్రం వెనక్కి పోతే ఏదీ ఏరుకోకుండా కొండెక్కాలన్నదే సారాంశం. 2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపానికి అతి దగ్గరలో ఉన్న జనావాసాల్లో ఆ ద్వీపం ఒకటి. సుమారు 78,000 జనాభాలో చనిపోయినవాళ్లు ఏడుగురు. సముద్రానికి అవతల, అచే ప్రధాన భూభాగంలో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి.

మరో ఉదాహరణ ఉత్తర అమెరికా పశ్చిమ తీరానిది. వాంకూవర్ ద్వీపం పక్కన పచీనా అఖాతంలో ఒక ఊరు చలికాలపు రాత్రి భూకంపం వచ్చి సముద్రంలో కలిసిపోయిందని అక్కడి జాతులు చెప్పుకుంటూ వచ్చాయి. ఆ తీరంలో మహా భూకంపాలు వస్తాయన్న సంగతిని భూగర్భ శాస్త్రం 1980ల వరకు గట్టిగా పట్టించుకోలేదు. తర్వాత ఉప్పునీటిలో మునిగి చచ్చిన చెట్ల వలయాలు, జపాన్‌లో నమోదైన కారణం తెలియని సునామీ వివరాలు కలిపి చూస్తే తేదీ తేలింది: 1700 జనవరి 26.

ఇలాంటి ఉదాహరణలు చెబితే వినేవాళ్లు తల ఊపుతారు. కానీ నాకు ఒక ఇబ్బంది ఉంది. ప్రయోగశాల ముద్ర పడ్డాకే కథను గౌరవించడం కూడా ఒక రకం చిన్నచూపే. సునామీని ముందే చెప్పని కథలకు కూడా, వాటిని చెప్పుకునేవారి జీవితంలో అంతే బరువు ఉంటుంది.

చిత్రకళ, పాట వంటివి ప్రభుత్వాల మీద ఎప్పుడైనా ప్రభావం చూపాయా?

1963 ఆగస్టులో ఆస్ట్రేలియా పార్లమెంటుకు ఆ దేశపు ఉత్తరాన ఉన్న యిర్కలా నుంచి చెట్టు బెరడు మీద అతికించిన అర్జీలు వచ్చాయి. యోల్ంగు ప్రజలు తమ భాషలోనూ ఇంగ్లిషులోనూ టైపు చేయించి, చుట్టూ తమ వంశాల చిత్రాలు వేసి పంపారు. తమను అడగకుండా బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) తవ్వకాలకు భూమి ఇచ్చారన్నది ఫిర్యాదు. వారికి ఆ చిత్రాలు అలంకారం కాదు. ఎవరి చిత్రం ఉందో ఆ వంశానికి ఆ నేల మీద అధికారం ఉందని అర్థం. పార్లమెంటు సభ్యుల్లో ఎంతమందికి అది అర్థమైందో గానీ, అర్జీ మాత్రం ఊరికే పోలేదు. గని ఆగలేదు, 1971లో కోర్టులో కూడా ఓడిపోయారు. ఆ ఓటమి మీద రేగిన చర్చ విచారణ సంఘానికి, అది 1976లో ఉత్తర ప్రాంతపు ఆదివాసీ భూమి హక్కుల చట్టానికి దారితీసింది. ఆ బెరడులు ఇప్పటికీ పార్లమెంటు భవనంలో ప్రదర్శనలో ఉన్నాయి.

దేవుడి కథ చెప్పి గనిని ఆపడం సాధ్యమా?

ఒడిశాలోని నియమగిరిలో ఆగింది. కాకపోతే అక్కడ ఆపింది కథ ఒక్కటే కాదు, ఆ కథకు చట్టంలో చోటు దొరకడం.

రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండలు డోంగ్రియా కోందులకు నియమరాజు నివాసం. కొండ మీద కోట్ల టన్నుల బాక్సైట్ ఉంది. కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ శుద్ధి కర్మాగారం ముందే కట్టేసింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలు నిర్ణయించాలని చెప్పింది. తవ్వకం వల్ల వారి ఆరాధన హక్కుకు భంగం కలుగుతుందా లేదా అన్నది కూడా ఆ సభలే తేల్చాలంది. కొండల్లో వందకు పైగా ఊళ్లుండగా రాష్ట్ర ప్రభుత్వం పన్నెండింటినే ఎంచింది. జిల్లా న్యాయాధికారి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

సభల్లో మాట్లాడినవారు ‘ఇది మా దేవుడు’ అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. కొండ మీది బాక్సైట్ పొర వాననీటిని పట్టి ఉంచుతుంది, ఏడాది పొడవునా ఊటలు దిగేది అందువల్లే. ఆ నీరు, పళ్లచెట్లు, పోడు, పూజ వారి మాటల్లో విడివిడిగా రాలేదు. కోర్టు అడిగింది మతం గురించి, వాళ్లు చెప్పింది బతుకు గురించి. నా ఉద్దేశంలో ఆ సభల అసలు విలువ అక్కడుంది.

సంస్కృతిని కాపాడితే పర్యావరణం దానంతట అదే బాగుపడుతుందా?

దానంతట అదేమీ జరగదు. కొన్నిచోట్ల ఆ రెండింటి మధ్య సంబంధం చాలా నిర్దిష్టంగా ఉంటుంది, అక్కడ దాన్ని కొలవవచ్చు కూడా. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో ఎండాకాలం మొదట్లో, గడ్డి ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడు, చిన్నచిన్న మంటలు పెట్టి ముక్కలు ముక్కలుగా కాల్చడం పాత పద్ధతి. జనాన్ని క్రైస్తవ మిషన్ కేంద్రాలకు, పట్టణాలకు తరలించాక కాల్చేవాళ్లు లేకపోయారు. ఎండాకాలం చివర్లో పిడుగులకు పుట్టిన కార్చిచ్చులు వందల కిలోమీటర్లు తినేయసాగాయి. పెద్దలు తిరిగి వెళ్లి, ఏ నేలను ఎప్పుడు, ఏ గాలికి కాల్చాలో యువకులకు నేర్పారు. 2006లో ఇది పెద్ద పథకంగా మొదలైంది. ఎండాకాలం చివరి మంటలు తగ్గితే కర్బన ఉద్గారాలు తగ్గుతాయి కాబట్టి దానికి డబ్బు కూడా వస్తోంది. మంటపెట్టే హక్కు ఏ వంశానిదో చెప్పే కథలు మరిచిపోతే ఆ జ్ఞానమూ పనిచేయదు.

అయితే ఆదివాసులు పుట్టుకతోనే పర్యావరణ కాపలాదారులన్న భావన నాకు నచ్చదు. అలాస్కాలో కాక్టొవిక్ ఊరి ఇన్యుపియాట్ సంస్థలు ఆర్కిటిక్ అభయారణ్యంలో చమురు తవ్వకాన్ని సమర్థిస్తూ వచ్చాయి. బడి, ఆసుపత్రి, నీటి సరఫరా చమురు ఆదాయంతోనే వచ్చాయన్నది వారి వాదన. దక్షిణాన గ్విచిన్ ప్రజలు దాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. వారి జీవితం ముడిపడి ఉన్న కరిబూ జింకలు దూడలను ఈనే చోటు అదే. ఇద్దరూ ఆదివాసులే. బయటివాళ్లకు నచ్చిన నిర్ణయం తీసుకున్నప్పుడే వారి మాట వింటామంటే, అది వినడం కాదు.

ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసుల భూముల్లోనే ఉందంటారు. నిజమేనా?

ఆ సంఖ్యకు ఆధారం లేదు. ఏళ్లతరబడి పెద్ద సంస్థల నివేదికల్లో, ఉపన్యాసాల్లో తిరిగింది. 2024లో ‘నేచర్’ పత్రికలో ఆదివాసీ పరిశోధకులతో సహా కొందరు కలిసి మూలం వెతికి, ఆధారం ఏదీ లేదని తేల్చిచెప్పారు. ఇలాంటి సంఖ్యలు తప్పని తేలితే నష్టపోయేది ఆదివాసులేనని వారి ఆందోళన.

గట్టి సంఖ్య కావాలంటే 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. 87 దేశాల్లో కనీసం 3.8 కోట్ల చదరపు కిలోమీటర్ల నేల ఆదివాసుల నిర్వహణలోనో హక్కులోనో ఉంది. అంటే భూగోళపు నేలలో నాలుగో వంతుకు మించి. ప్రపంచంలోని రక్షిత ప్రాంతాల్లో సుమారు 40 శాతం ఆ నేలతో కలుస్తాయి. ఇది చాలదా? 80 అనే అందమైన అంకె అవసరమేమీ లేదు.

నదిని చట్టం ముందు ‘వ్యక్తి’గా గుర్తించారని విన్నాను. అదెలా?

న్యూజిలాండ్‌లోని వాంగనుయి నది విషయంలో 2017 మార్చిలో అలాంటి చట్టం వచ్చింది. కొండల నుంచి సముద్రం దాకా, ఉపనదులతో సహా, భౌతికంగానూ ఆధ్యాత్మికంగానూ అది ఒకే జీవి అని ఆ చట్టం చెబుతుంది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు ఉంటారు, ఒకరిని ప్రభుత్వం, మరొకరిని నదీతీర మావోరి జాతులు నియమిస్తాయి. ‘నేనే నది, నదే నేను’ అన్న అర్థంలో తరాలుగా చెప్పుకునే మాటను కూడా చట్టంలో చేర్చారు. ఇది ఒక్కరోజులో పుట్టిన ఆలోచన కాదు. నది అడుగునేల తమదని మావోరీలు 1938లోనే కోర్టుకెక్కారు.

అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను వ్యక్తులుగా ప్రకటించింది. జూలై నాటికి సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. వరదకు నష్టపరిహారం ఎవరు కట్టాలి, రాష్ట్రం దాటాక నది ఎవరి బాధ్యత వంటి ప్రశ్నలు వచ్చాయి. వాంగనుయి వెనుక ఒక జాతి, దాని ఒప్పందం, దశాబ్దాల చర్చ ఉన్నాయి. ఇక్కడ ఒక ఆదేశం మాత్రమే ఉంది.

భాషను కాపాడటం కూడా ఈ ఉద్యమంలో భాగమేనా?

అవును, బహుశా అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసిన భాగం. మావోరీలు 1982లో ‘కోహంగా రెయో’ అనే పసిపిల్లల బడులు తెరిచారు. అమ్మానాన్నలకు భాష రాదు, అమ్మమ్మలకు వచ్చు. కాబట్టి అమ్మమ్మలను తెచ్చి బడిలో కూర్చోబెట్టారు. 1987లో మావోరి అధికార భాష అయింది. ఆ బడులను చూసి హవాయి ప్రజలు 1984లో తమ ‘పునానా లేయో’లు మొదలుపెట్టారు. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. దశాబ్దాలు ప్రకటించడం తేలిక. పసిపిల్లాడితో రోజుకు ఎనిమిది గంటలు ఆ భాషలో మాట్లాడే మనిషి దొరకడం కష్టం.

ఎవరి కథను ఎవరు చెప్పవచ్చు? అన్నీ రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెడితే మంచిది కదా?

మంచి ఉద్దేశంతో అడిగే ఈ ప్రశ్నకే ఆదివాసులు ఎక్కువసార్లు జవాబు చెప్పవలసి వస్తోంది. ప్రతి కథా అందరిదీ కాదు. ఉత్తర అమెరికాలో చాలా జాతులు కొన్ని కథలను మంచు కురిసే నెలల్లోనే చెబుతాయి. ఆస్ట్రేలియాలో కొన్ని పాటలు ఆడవాళ్లవి, కొన్ని మగవాళ్లవి. చనిపోయిన మనిషి ఫొటో, గొంతు కొంతకాలం చూడకూడదు, వినకూడదు అన్న నియమం చాలాచోట్ల ఉంది. మన గోండుల మధ్య కూడా వంశగాథలను కింగ్రి వాయిస్తూ పాడే బాధ్యత పర్ధానులది, దాతలైన గోండు కుటుంబాలకూ వారికీ మధ్య తరాల బంధం ఉంటుంది. ఎవరో ఒకరు మైకు పట్టుకుని వచ్చి పాడించుకుంటే ఆ బంధం రికార్డులోకి రాదు.

ఈ నియమాలను సాంకేతికతలోకి తెచ్చినవారు ఉన్నారు. మధ్య ఆస్ట్రేలియాలోని వరుముంగు ప్రజల కోసం 2007లో మొదలైన ‘ముకుర్తు’ అనే డిజిటల్ భండారంలో, చూసేవారి కుటుంబం, లింగం, వంశాన్ని బట్టి ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో ఆ ప్రజలే నిర్ణయిస్తారు. ఇప్పుడు ఎన్నో జాతులు దాన్ని వాడుతున్నాయి.

పాత రికార్డుల సంగతి ఇంకా చిక్కు. 1890 మార్చిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమాక్వొడి ప్రజల పాటలు, కథలను మైనపు గొట్టాల మీద రికార్డు చేశారు. ఒక జాతి మధ్యకు వెళ్లి చేసిన తొలి ధ్వని ముద్రణలుగా వాటికి పేరు. వందేళ్లకు పైగా అవి మ్యూజియాల ఆస్తి. పాడినవారి మనవలకు ఆ గొంతు వినిపించలేదు. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వాటిని శుభ్రపరిచి, ఏ పాటను ఎవరు వినవచ్చు, ఎలా వాడుకోవచ్చు అన్న షరతులను ఆ జాతి పెద్దలు చెప్పినట్టు జోడించింది. మైనపు గీతల వెనుక వినిపించే పాటలను ఇప్పుడు కుర్రవాళ్లు మళ్లీ నేర్చుకుంటున్నారు.

‘ముందస్తు సమ్మతి’ అంటే ఏమిటి?

బలవంతం లేకుండా, పని మొదలుకాక ముందే, పూర్తి సమాచారం ఇచ్చి, వారి అనుమతి అడగడం. ‘ముందే’ అన్నమాట దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. ఈక్వెడార్‌లో సరయాకు ప్రజల అడవిలో చమురు కంపెనీ వారిని అడగకుండానే టన్నుకు పైగా పేలుడు పదార్థాలు పాతింది. కేసు అంతర అమెరికా మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. 2012లో న్యాయమూర్తులు ఆ అడవికే వెళ్లి ప్రజల మాట విన్నారు. ఆ కోర్టు చరిత్రలో అలా వెళ్లడం అదే మొదలు. జూన్‌లో తీర్పు సరయాకుకు అనుకూలంగా వచ్చింది. అదే దేశంలో 2019లో వావోరానీ ప్రజలు, తమను సరిగా సంప్రదించలేదని నిరూపించి సుమారు 1,80,000 హెక్టార్ల అడవిని చమురు వేలం నుంచి తప్పించారు. ప్రభుత్వ పటంలో ఆ అడవి ఖాళీగా ఉండేది. మందు మొక్కలు, జంతువుల దారులు, పాత యుద్ధాలు జరిగిన చోట్లు గుర్తిస్తూ వారు తమ సొంత పటం వేసుకున్నారు.

ఇందులో ప్రాణాపాయం ఉందా?

ఉంది. గ్లోబల్ విట్‌నెస్ సంస్థ లెక్కించినంతలో 2023లో ప్రపంచవ్యాప్తంగా నేలనూ పర్యావరణాన్నీ కాపాడబోయి హత్యకు గురైనవారు 196 మంది. జనాభాలో ఆదివాసుల వాటా సుమారు ఆరు శాతం, ఇలాంటి హతుల్లో వారి వాటా ఏటా మూడో వంతుకు అటూఇటూ లేదా అంతకు మించి. హోండురాస్‌లో లెంకా జాతి నాయకురాలు బెర్తా కాసెరెస్ తమ నది మీద అగువా సార్కా ఆనకట్టను అడ్డుకున్నందుకు 2016 మార్చిలో సొంత ఇంట్లో హత్యకు గురయ్యారు. దానికి ఏడాది ముందే ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. అంతర్జాతీయ గుర్తింపు ప్రాణాన్ని కాపాడుతుందన్న నమ్మకం అప్పటితో చాలామందికి పోయింది.

ఒకసారి గెలిస్తే పని అయిపోయినట్టేనా?

కాదు. 1989లో బ్రెజిల్‌లోని అల్టమిరాలో కయాపో ప్రజలు భారీ సమావేశం పెట్టి షింగూ నది మీది ఆనకట్టను ఆపించారు. రెండు దశాబ్దాల తర్వాత అదే పథకం కొంత మార్పుతో బెలో మాంటె పేరుతో తిరిగివచ్చింది, కట్టేశారు కూడా. ఆస్ట్రేలియాలో జూకన్ లోయలోని రాతి గుహల్లో 46,000 ఏళ్ల మానవ నివాసపు ఆనవాళ్లుండేవి. 2020 మేలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం వాటిని పేల్చేసింది. చట్టం ప్రకారం అనుమతి ఉంది! దేశమంతా మండిపడ్డాక కంపెనీ ముఖ్య అధికారి పదవి వదిలారు. గుహలు తిరిగి రావు.

స్మార్ట్‌ఫోను, డ్రోను వాడేవాళ్లు ఇంకా ‘అసలైన’ ఆదివాసులేనా?

కంప్యూటర్ వాడే తెలుగువాళ్లు అసలైన తెలుగువాళ్లేనా?

బయటివాళ్లం ఏం చేయవచ్చు?

మొదట అడగండి, తర్వాత చేయండి. కథ, పాట, బొమ్మ వాడుకుంటే పేరు వేయండి, డబ్బు ఇవ్వండి, కాదంటే వదిలేయండి. మీ దగ్గర పాత ఫొటోలు, రికార్డులు ఉంటే వాటి ప్రతిని ఆ ఊరికి చేర్చండి. పరిశోధకులైతే, వ్యాసం అచ్చయ్యాక కాకుండా రాసేముందే ఊళ్లో చదివి వినిపించండి. నచ్చని వాక్యాలు తీసేయాల్సి వస్తుంది. తీసేయండి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఎందుకు జరుపుతారు?

ఆదివాసీ జనాభాపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన కార్యవర్గం 1982లో మొదటిసారి సమావేశమైన రోజు అది. 1994లో సర్వసభ్య సభ దాన్ని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. భారత ప్రభుత్వం 2021 నుంచి బిర్సా ముండా జయంతి అయిన నవంబర్ 15ను జనజాతీయ గౌరవ దినంగా పాటిస్తోంది. ఊళ్లలో చాలామంది రెండూ జరుపుకుంటున్నారు.